కత్తెరమ్మ తీసిన మాట

పొద్దున్నే రొట్టె ప్యాకెట్ విప్పినప్పుడు దాని మూతికి అంటించిన టేపు ముక్కను ఆమె పారేయదు. జాగ్రత్తగా ఒలిచి బల్ల అంచుకు సగం అంటించి, సగం గాల్లో వేలాడేలా వదిలేస్తుంది. కొరియర్ కవరు వస్తే దాని టేపూ అంతే, మందుల డబ్బా మీది సీలూ అంతే. మధ్యాహ్నమయ్యేసరికి బల్ల అంచున తెల్లటి నాలుకలు వరసగా వేలాడుతుంటాయి. సాయంత్రం అక్క దుకాణం నుంచి వచ్చి, చాకు వెనక్కి తిప్పి, వాటన్నిటినీ గీకేస్తుంది.

"బల్లకి మళ్లీ గడ్డం పెరిగింది," అంటుంది గీకుతూ. నవ్వదు. చెల్లెలూ నవ్వదు.

ఇది ఉద్యోగం అంటించిన అలవాటు. టీవీ కేంద్రంలో శబ్దాన్ని టేపు మీద కోసి అతికించే రోజుల్లో, కోసిన చోట వేయడానికి తెల్ల ముక్కలు ఎప్పుడూ చేతికందేలా బల్ల అంచున ఉండాలి. వెతుక్కునే తీరిక ఉండేది కాదు. ఆ టేపులు పోయాయి. ఆ బల్ల పోయింది. ఆ గది ఇప్పుడు క్యాంటీన్ సామాను పెట్టుకునే కొట్టు. చేతికి మాత్రం ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

కేంద్రంలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. నిజానికి ఆమె కత్తెర పట్టింది తక్కువ, బ్లేడు పట్టిందే ఎక్కువ. బ్లేడమ్మ అంటే బాగుండదని కత్తెరమ్మ అన్నారు. ఆమె పనిచేసింది దాదాపు ఒక్క కార్యక్రమానికే, ఆదివారం సాయంత్రం వచ్చే టెన్నిస్ విశేషాలకి. వారమంతా ఎక్కడెక్కడో జరిగిన ఆటల్లో చూడదగ్గ ముక్కలు ఏరి ఒక గంటలో చూపించే కార్యక్రమం అది. అది పుట్టినప్పుడు ఆమె దాని పక్కనే ఉంది. అది పోయేటప్పటికి వేరే అంతస్తులో ఉంది. మధ్యలో ఒకరోజు అక్క, ఆ కార్యక్రమంలోంచి ఒక్క మాట తీసెయ్యమని ఆమెను అడిగింది. అక్క తననేదీ అడిగే మనిషి కాదు. అయినా ఆ ఒక్క మాట తీయడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.

అక్కకి పెళ్లి కుదిరేనాటికి చెల్లెలు ఇంకా బడిలోనే ఉంది. అమ్మా నాన్నా లేని ఇల్లు. అక్క పెట్టిన షరతు ఒకటే, చెల్లెలు తనతోనే ఉంటుందని. "ఉండనీ. మేం పోట్లాడుకుంటే సాక్షి కావాలిగా," అన్నాట్ట బావ.

బావ టీవీ కేంద్రంలో వాతావరణం చదివేవాడు. రేపు వాన పడొచ్చు, పడకపోవచ్చు అనే సంగతిని రోజూ కొత్త విషయంలా చెప్పగలిగే గొంతు ఆయనది. అక్క కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. ఇంట్లో ఆమె మాటలు కూడా దుకాణం మాటల్లాగే ఉండేవి. కూరలో ఉప్పు చూడమని గరిటె చేతికిచ్చి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అనేది.

బావకీ ఇంట్లో ఒక మాట ఉండేది. చూద్దాం. ఇల్లు మారదామా అంటే చూద్దాం. ఫ్యాను కిర్రుమంటోంది బాగుచేయిద్దామా అంటే చూద్దాం. పిల్లల సంగతి అక్క ఎత్తినప్పుడల్లా, కాసేపు కిటికీలోంచి చూసి, చూద్దాం. కాదని చెప్పడానికి మొహమాటపడే వాళ్లంతా వాడే మాటే, అందరిళ్లలోనూ ఉండే మాటే. దాని మీద పోట్లాడటానికి కూడా ఏమీ దొరకదు.

"మీ బావ చూద్దాం అన్నాడంటే ఆ పని అయిపోయినట్టే," అనేది అక్క చెల్లెలితో. "అంటే, దాని గురించి మనం మాట్లాడుకునే పని."

టెన్నిస్ కార్యక్రమం మొదలుపెట్టాలని కేంద్రంలో అనుకున్నప్పుడు ఆ ఆట తెలిసినవాళ్లు ఎవరూ లేరు. బావ ఒకప్పుడు ఒక క్లబ్బులో కోర్టులకి సున్నంతో గీతలు గీసే పనిచేశాడు. "గీత ఎక్కడుందో తెలిసినవాడు దొరికాడు, చాలు," అన్నాడు ప్రొడ్యూసరు. బావే తన మరదలి సంగతి ఆయన చెవిన వేశాడు. చదువైపోయి ఖాళీగా ఉంది, బ్లేడు పట్టడం నేర్పితే నేర్చుకుంటుంది, మాట్లాడదు కాబట్టి శబ్దాల గదికి సరిపోతుంది అని. అలా ఆమె ఉద్యోగంలో చేరింది.

ఆటల టేపులు వేరే దేశాల నుంచి విమానంలో పెట్టెల్లో వచ్చేవి. బొమ్మ బాగానే ఉండేది. చిక్కంతా చప్పుడుతోనే. బంతి చప్పుడు, జనం చప్పట్లు, అక్కడి వ్యాఖ్యాత మాటలు అన్నీ ఒకే దారంలా పేనుకుని వచ్చేవి. ఆయన మాటలు తీయాలంటే బంతి చప్పుడూ పోతుంది. మొత్తం తుడిచేస్తే మిగిలేది మూగ ఆట. తెల్లబట్టలు వేసుకున్న ఇద్దరు మనుషులు ఏదో పారేసుకున్నట్టు అటూ ఇటూ పరిగెడుతుంటారు, అంతే.

అందుకని చప్పుళ్లన్నీ ఇక్కడే తయారు చేయాల్సి వచ్చింది. మొదట స్టూడియో గోడకి నిజం బంతిని నిజం రాకెట్టుతో కొట్టి చూశారు. చప్పుడు రాలేదు కానీ ఒక దీపం పగిలింది. బల్ల మీద కొట్టారు, దిండు మీద కొట్టారు, ప్రొడ్యూసరు తొడ మీద కూడా కొట్టారు. చివరికి సరైన చప్పుడు అక్క పెళ్లినాటి తోలుపెట్టెలో దొరికింది. ఖాళీ పెట్టె మూత మీద అరచెయ్యి బోర్లించి కొడితే సర్వీసు. వేళ్లతో కొడితే మామూలు దెబ్బ. చూపుడువేలి కణుపుతో తడితే, నెట్ అవతల మెల్లగా జారవిడిచే డ్రాప్ షాట్. ఆమె వాటన్నిటినీ టేపు మీదకి ఎక్కించి, ముక్కలు కోసి, బొమ్మలో బంతి తగిలిన చోటల్లా అతికించేది. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్లంతా చాలాకాలం ఆ ఒక్క పెట్టె మీదే ఆడారు.

"నా పెట్టెని బాది వాళ్లందరికీ కప్పులిస్తున్నారు, నాకేమో పెట్టె లేకుండా చేశారు," అని అక్క గొణిగేది.

మొదటి వారం స్క్రిప్టు అనువాద విభాగం నుంచి వచ్చింది. టెన్నిస్ లెక్కలో సున్నాని లవ్ అంటారు. అనువదించినాయన నిఘంటువు ముందేసుకుని కూర్చునే మనిషి. బావ దాన్ని ముందుగా చూసుకోకుండా మైకు ముందు కూర్చుని, రేపటి వాన గురించి చెప్పే గొంతుతో, "పదిహేను, ప్రేమ" అన్నాడు. ఆగలేదు. "ముప్ఫై, ప్రేమ." అద్దం అవతల ప్రొడ్యూసరు తల పట్టుకున్నాడు. మళ్లీ రికార్డు చేసే వ్యవధి లేదు. ప్రేమ అలాగే ప్రసారమైపోయింది.

మర్నాడు దుకాణంలో అక్కని పట్టుకుని ఏడిపించారు. "ఏంటండీ, మీ ఆయన టీవీలో అందరికీ ప్రేమ పంచేస్తున్నాడు?"

"అందుకే ఇంటికొచ్చేసరికి సున్నా," అంది అక్క.

ఆ తర్వాత స్క్రిప్టు మానేశారు. బావ బొమ్మ చూస్తూ తోచింది మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది ఆ మాట. ఇద్దరూ దాదాపు సమంగా ఉన్నారు, ఇంకొక్క పాయింటుతో ఆట తేలిపోతుంది, సర్వీసు చేసేవాడు బంతిని నేలమీద కొట్టుకుంటున్నాడు. బావ మాట ఆపేసేవాడు. బంతి ఒకసారి, ఇంకోసారి. ఊపిరి పీల్చిన చప్పుడు. అప్పుడు మెల్లగా, "చూద్దాం."

అదే మాట. ఇంట్లో తలుపు మూసేసే మాట అక్కడ తలుపు తెరిచేది. జనం ముందుకి జరిగి కూర్చునేవాళ్లు. టెన్నిస్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా ఆ మాట కోసం ఆదివారం సాయంత్రం టీవీ పెట్టేవాళ్లు.

"నేను ఫ్యాను గురించి అడిగినప్పుడు కూడా అలా ఊపిరి పీల్చి చెప్పొచ్చుగా," అంది అక్క ఒకసారి. ముగ్గురూ నవ్వారు. ముగ్గురూ కలిసి నవ్వినవి చెల్లెలికి కొన్నే గుర్తున్నాయి. అది ఒకటి.

కార్యక్రమం ఊపందుకుంది. గంట చాలక కొన్ని వారాలు గంటన్నర వచ్చేది. బావని రోడ్డు మీద గుర్తుపట్టేవాళ్లు, ముఖం చూసి కాదు, బస్సులో టికెట్ అడిగిన గొంతు విని. ఇలా కొన్నేళ్లు గడిచాయి. చెల్లెలికి పెళ్లి మాటలు వచ్చాయి, పోయాయి. ఎందుకు పోయాయో ఆమె పెద్దగా పట్టించుకోలేదు, వచ్చినవాళ్లూ పట్టించుకోలేదు.

ఒక పెద్ద టోర్నమెంటు ఫైనల్ వారం. బావ సగం ఆటకి మాటలు చెప్పి, మిగతాది రేపు చెబుతానని కుర్చీలోంచి లేచాడు. ఎడమ భుజం రుద్దుకుంటూ లేచాడని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది, లేదా గుర్తొచ్చిందని అనుకుంది. మర్నాడు పొద్దున స్నానాల గదిలో పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

జరగాల్సినవి జరిగాయి. వచ్చేవాళ్లు వచ్చారు, కూర్చున్నారు, వెళ్లారు. ప్రొడ్యూసరు కూడా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, ఎలా అడగాలో తెలీడంలేదు. ఆదివారం ఫైనల్. సగమే ఉంది."

అక్క చెల్లెలి వైపు చూసింది. "తీసుకెళ్లండి దాన్ని. ఇక్కడుండి ఏం చేస్తుంది."

టేపుల గది చూసే తాళాలాయన పాత రీళ్లన్నీ దించి ఇచ్చాడు. ఏళ్ల తరబడి బావ మాట్లాడిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆమె వాటిలోంచి మిగిలిన సగం ఆటని కట్టింది. ఒక ఏడాదిలోంచి "నెట్‌కి తగిలింది". ఇంకో ఏడాదిలోంచి "బయట". ఒకచోట "సమం", ఇంకోచోట "మళ్లీ సమం". గెలిచినవాడు కొత్తవాడు, వాడి పేరు బావ నోట ఎక్కువసార్లు రాలేదు. కొత్తవాళ్లందరినీ "కొత్త కుర్రాడు" అనడం ఆయన అలవాటు కాబట్టి పని గట్టెక్కింది. ఆమె ఏడవలేదు. ఏడుద్దామని కూడా అనిపించలేదు. హెడ్‌ఫోన్లలో ఆయన దగ్గితే దగ్గు తీసేసింది.

చివరి పాయింటు దగ్గర ఆ మాట కావాలి. రీళ్లలో చాలా ఉన్నాయి. ఒకదాంట్లో మాట బాగుంది, ముందున్న ఊపిరి పొట్టిగా ఉంది. ఇంకోదాంట్లో ఊపిరి బాగుంది, మాట మీద కుర్చీ కిర్రుమంది. ఆమె ఒక ఏడాది ఊపిరిని ఇంకో ఏడాది మాటకి అతికించింది. ముందు పెట్టె మీద కణుపుతో తట్టిన బంతి, ఇంకోసారి బంతి, ఊపిరి, "చూద్దాం", అరచేతి సర్వీసు. విని చూసింది. అతుకు ఎక్కడుందో తనకే తెలియలేదు. అంత బాగా ఆమె అంతకుముందు ఏదీ అతికించలేదు, ఆ తర్వాతా అతికించలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు.

ఆదివారం సాయంత్రం ఎదురింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యో, మీ ఆయన! టీవీలో మాట్లాడుతున్నాడు! పెట్టలేదా మీరు?" అని తనే టీవీ పెట్టేసింది. ఆట చివరి పాయింటు దగ్గరుంది. ఆ మాట వచ్చింది. అక్క తెర వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు కట్టెయ్యలేదు.

అతికించింది అని ఎవరూ కనిపెట్టలేదు. తెలిసిన ఒక్క ప్రొడ్యూసరు దాన్ని పదేపదే విన్నాడు. "కత్తెరమ్మా, ఇది మన కార్యక్రమం ముఖం. ఇక ప్రతి వారం దీనితోనే మొదలుపెడదాం," అన్నాడు. అప్పటినుంచి టైటిల్ అదే. నల్లటి తెర, బంతి, బంతి, ఊపిరి, మాట. తర్వాతే వెలుగు.

అది నోటికెక్కింది. బస్సు వస్తుందా అని ఒకరంటే, పక్కవాడు ఊపిరి పీల్చి మరీ, చూద్దాం అనేవాడు. పిల్లలు గోళీలాడుతూ అనేవాళ్లు. అక్క దుకాణంలో చూపు పరీక్ష చేయించుకునేవాళ్లు, అడుగు వరస చదవమంటే నవ్వుతూ అనేవాళ్లు. వాళ్లకి అక్క ఎవరి భార్యో తెలియదు. అక్క చెప్పదు.

ఆ మరుసటి ఏడు, ఒక సెలవునాటి మధ్యాహ్నం, అక్క అడిగింది. కిటికీ దగ్గర కూర్చుని తన కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

"ఆ మాట తీసెయ్యవే."

"ఏ మాట?"

"నీకు తెలీదా ఏ మాటో."

అక్క తుడవడం ఆపలేదు. "సోమవారం చెయ్యి లాగుతోందన్నాడు. డాక్టర్ దగ్గరికి పోదాం పదండి అన్నాను. చూద్దాం అన్నాడు. మంగళవారం మళ్లీ అడిగాను. అదే. బుధవారం నీతో స్టూడియోకి వెళ్తుంటే గుమ్మంలో కూడా అడిగాను. నువ్వు ముందే మెట్లు దిగిపోయావు." అద్దాలు వెలుతురుకి పట్టి చూసింది. "నేను రెక్క పట్టుకుని లాక్కెళ్లాల్సింది. లాక్కెళ్లలేదు. సరే, అది నా సంగతి. కానీ ప్రతి ఆదివారం అది నాకు వినిపించక్కర్లేదు కదే. తీసేస్తావా?"

చెల్లెలి మనసులో చాలా ఉన్నాయి. తను మెట్లు దిగిపోవడం ఉంది. ప్రొడ్యూసరు ఒప్పుకోడేమో అన్న భయం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటి కూడా ఉంది, తన చేతుల్లోంచి వచ్చిన పనంతట్లో మంచిది అదొక్కటే అని. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, నోరు తనకి బాగా అలవాటైన మాట పట్టుకుంది.

"చూద్దాం అక్కా."

అన్నాక విన్నది తను. అక్క కళ్లద్దాలు డబ్బాలో పెట్టి మూత వేసింది. టక్కుమంది.

"సరే," అంది.

అంతే. అక్క అలగలేదు, తలుపులు దడదడ వేయలేదు. ఆ రోజు రాత్రి వంట చేసింది, వడ్డించింది. ఆ తర్వాత మాత్రం గరిటె చేతికిచ్చి, ఇది బాగుందా ఇందాకటిది బాగుందా అని అడగలేదు. పాలు తేవాలి, కరెంటు బిల్లు వచ్చింది, గొడుగు ఎక్కడ. ఇద్దరి మధ్యా మాటలు అక్కడికి కుదించుకుపోయాయి. కేంద్రంలో రోజూ ఆటల్లోంచి ఆటకి అక్కర్లేనిదంతా తీసేసేవాళ్లు, మనిషి చెమట తుడుచుకోవడం, నడవడం, ఊరికే నిలబడటం. ఇంట్లో అవే మిగిలాయి.

ఆమె ప్రొడ్యూసరుని అడగలేదని కాదు. మర్నాడే అడిగింది.

"తీసేసి? ఆ చోట ఏం పెడతావు?" అన్నాడు ఆయన.

"బంతి చప్పుడు చాలండి."

"బంతి చప్పుడు ఎవడిక్కావాలమ్మా? ఆ మాట మీదే కదా బండి నడుస్తోంది." ఆమె ముఖం చూసి కాస్త తగ్గాడు. "సరే, ఈ సీజన్ కానీ. తర్వాత చూద్దాం."

ఆ జవాబుని ఇంటికి తీసుకెళ్లి అక్కకి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. అక్క అడగలేదు. ఆమె చెప్పలేదు.

కార్యక్రమం మారుతూ వచ్చింది. కొన్నాళ్లకి బంతి చప్పుడు వేరుగా, మాటలు వేరుగా వచ్చే టేపులు రావడంతో తోలుపెట్టె పని అయిపోయింది. తర్వాత టేపులే పోయి కంప్యూటర్లు వచ్చాయి. బావ చోటులో ఇద్దరు వ్యాఖ్యాతలు వచ్చారు, ఒకరి మాటకి ఒకరు నవ్వుకునేవాళ్లు. గంటన్నర గంటయింది, గంట అరగంటయింది. జనానికి ఫలితం ముందే ఫోన్లో తెలిసిపోతోంది. టైటిల్ మాత్రం అలాగే ఉంది. ప్రతి వారం దాన్ని ముందు పెట్టేది ఆమే. మొదట్లో హెడ్‌ఫోన్లలో ఆ ఊపిరి వస్తే ఆమెకు భుజాలు బిగుసుకునేవి. తర్వాత బిగుసుకోలేదు. మాట చెక్కముక్కలా అయిపోయింది. అది బావ గొంతని గుర్తు చేసుకుంటే తప్ప గుర్తురానంతగా. ఏ వారమైనా తీసేయొచ్చు. తీసేయలేదు. వారాలు గడిచాయి, అంతే.

ఒక మధ్యాహ్నం అక్క మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయింది. ఆమె పైనుంచి చూసింది. అక్క గోడకి చెయ్యి ఆనించి, నోటితో ఊపిరి తీసుకుంటోంది.

"అక్కా, ఏమైంది? డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద."

అక్క తలెత్తింది. "చూద్దాం," అంది.

అన్నేళ్లలో అక్క తన జవాబుగా ఆ మాట అనడం అదే మొదలు. కావాలనే అందో, ఊరికే వచ్చేసిందో ముఖంలో ఏమీ లేదు. ఆమె చెప్పులేసుకుని కిందకి దిగి, అక్క రెక్క పట్టుకుంది. అక్క వదిలించుకోలేదు. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

పెద్ద జబ్బేమీ కాదు, రక్తం తక్కువగా ఉందట, మాత్రలు రాశారు. కానీ అది తేలడానికి ముందు ఇద్దరూ వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. గోడకి టీవీ ఉంది. ఆదివారం కార్యక్రమం కోసం ప్రకటన వచ్చింది. నల్లటి తెర. బంతి, బంతి, ఊపిరి. ఎదురు వరసలో ఒక చిన్నపిల్ల అమ్మ ఒళ్లోంచి తలెత్తి, టీవీతో పాటే, "చూద్దాం!" అంది. కట్లు కట్టుకున్నవాళ్లు, దగ్గుతున్నవాళ్లు అందరూ నవ్వారు. కాంపౌండరు కూడా నవ్వాడు.

ఆమె అక్క వైపు చూసింది. అక్క చేతిలోని టోకెన్ వైపు చూసుకుంటోంది. ముఖం మారుతుందేమోనని ఆమె కాచుకుంది. మారలేదు. ఆ మారకపోవడాన్ని ఆమె ఇంటికి వచ్చేదాకా, వచ్చాక కూడా, చూస్తూనే ఉంది.

మర్నాడు కేంద్రానికి వెళ్లి టైటిల్ తెరిచింది. బంతి, బంతి, ఊపిరి ఉంచింది. మాట తీసేసింది. దాచిన కాపీలోనూ తీసింది. తాళాలాయన దగ్గరికి వెళ్లి, బావ రీళ్లని కంప్యూటర్లోకి ఎక్కించినవి ఎక్కడున్నాయో అడిగింది.

"అన్నీ చెరిపెయ్యాలా?" అన్నాడాయన.

"ఆ ఒక్క మాటే. మిగతావి ఉండనివ్వండి."

"మీ బావ మాట. నువ్వు చెరపమంటే నేనెవర్ని కాదనడానికి," అన్నాడు. రెండు రోజులు కూర్చుని ఆమె ప్రతి ఆటలోంచీ దాన్ని ఏరేసింది. పాత టేపులని ఎప్పుడో తుడిచి వేరే పనులకి వాడేశారు. ఇక అది ఎక్కడా లేదు. మంచి పని చేస్తున్నానని అనిపించలేదు. పని అనిపించింది.

ఆదివారం నల్లటి తెర మీద ఊపిరి వచ్చింది, మాట రాలేదు. ఫోన్లు మోగాయి. చప్పుడు పోయిందన్నారు కొందరు, టీవీ పాడైందనుకున్నామన్నారు కొందరు. ప్రొడ్యూసరు శబ్దాల గదిలోకి వచ్చాడు. అప్పటికి ఆయనకి జుట్టు లేదు, కేకలు వేసే ఓపికా లేదు.

"కాపీ ఏది?"

"లేదండి."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నన్ను అడిగుండొచ్చుగా."

"అడిగాను," అంది ఆమె. ఆయనకి గుర్తులేదు. ఆ వారంలోనే ఆమెను పై అంతస్తుకి, ప్రకటనల నిడివి సరిచూసే పనిలోకి మార్చారు. టైటిల్‌కి ఏదో సంగీతం పెట్టారు. కార్యక్రమం ఇంకో రెండు సీజన్లు నడిచి ఆగిపోయింది. చివరి వారం దాన్ని ఎవరు కట్టారో ఆమెకు తెలియదు.

కానీ ఆ ఆదివారం, ప్రసారం అయ్యాక, ఆమె తిన్నగా ఇంటికి వచ్చింది. అక్క మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. టీవీ ఆపి ఉంది.

"అక్కా, విన్నావా?"

"ఏంటి?"

"తీసేశాను."

"ఏది?" అని, కాసేపటికి, "ఓ. అదా," అంది. ఒక చొక్కా చేతులు లోపలికి మడిచింది. "నేను ఆ టైముకి కిందకి వెళ్లిపోతానుగా. సందు చివరిదాకా నడిచి వస్తాను. ఎప్పట్నుంచో. నువ్వు స్టూడియోలో ఉంటావు, నీకు తెలీదులే."

"ఎప్పట్నుంచి?"

"నిన్ను అడిగిన వారం నుంచే."

ఆమె మంచం చివర కూర్చుంది. తీసేశాక అక్క ఏమంటుందో తను ఎన్నడూ ఊహించుకోలేదని అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి అంటుందని మాత్రం అనుకుంది.

"ఉద్యోగానికేమైనా ఇబ్బందా?" అంది అక్క.

"వేరే చోటుకి మారుస్తారేమో."

"ఊఁ." అక్క ఇంకో చొక్కా అందుకుంది. "ఆ రోజు నువ్వు సరే అని ఉంటే సరిపోయేదే. తీసినా తీయకపోయినా." ఆ మాటలో కోపం లేదు. దుకాణంలో ఎవరికో, ఈ అద్దాలు మీకు రెండేళ్ల కిందే వేయాల్సింది అని చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు నాకు ఏ మాటైనా ఒకటేలే. ఆ దుప్పటి రెండో కొస పట్టుకో."

ఆమె లేచి కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పటి లాగి, సగానికి మడిచి, దగ్గరికి వచ్చి, అంచులు కలిపారు. అక్క తీసుకుని అలమరలో పెట్టింది. ఆమె ఏడవాలేమో అనుకుంది. కాసేపు నిలబడి చూసింది. ఏమీ రాలేదు. వెళ్లి అన్నానికి నీళ్లు పెట్టింది.

ఇప్పుడామె టీవీ కేంద్రంలో లేదు. ఒక కోచింగ్ సంస్థకి ఇంటి దగ్గర్నుంచే పాఠాల వీడియోలు కత్తిరించి ఇస్తోంది. అందులో మాస్టార్ల దగ్గులు, బోర్డు తుడిచే వ్యవధి తీసేయడం ఆమె పని. అక్క ఇంకా కళ్లద్దాల దుకాణానికి వెళ్తోంది, అద్దాలు అరగదీయడం మానేసి బిల్లుల దగ్గర కూర్చుంటోంది. ఇద్దరూ అదే ఇంట్లో ఉంటున్నారు.